బ్రీడర్ల షెడ్ల నుంచి తెచ్చిన తల్లికుక్కలు: వైద్యానికి డబ్బు ఎలా కూడగడుతున్నారు?

నాచారం_ఇల్లు
అందరికీ నమస్కారం. పోయిన నెల ఘట్‌కేసర్ దాటాక కోళ్ల షెడ్డు లాంటి ఒక చోటి నుంచి మూడు ఆడకుక్కలను తెచ్చాను. రెండు లాబ్రడార్లు, ఒక పగ్. అది కుక్కల చేత పిల్లలు పెట్టించి అమ్మే ఒక బ్రీడర్‌ది. ఇక ఈతకు, అంటే పిల్లలను కనడానికి, పనికిరావని అతను వీటిని వదిలించుకోవాలని చూస్తున్నాడు. మూడింటికీ కలిపి తొమ్మిది వేలు ఇచ్చాను. పెద్ద లాబ్‌కు చనుకట్టులో నిమ్మకాయంత గడ్డ ఉంది. పగ్‌కు సగం పళ్లు లేవు. చిన్న లాబ్‌కు నాలుగేళ్లుంటాయి. హాల్లో వదిలితే మూడడుగుల మేర గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడే పడుకుంటుంది. దాని బోను అంతే ఉండేది.

ఇప్పటికి నలభై ఒక్క వేలు ఖర్చయింది. నేను ప్రైవేటు బడిలో టీచరును. నా జీతం మీకు తెలియనిది కాదు. డబ్బు ఎలా కూడగట్టాలి? ఏ ఆపరేషన్ ముందు చేయించాలి? ఈ వయసులో ఇంట్లో మూత్రం పోయకుండా నేర్పడం సాధ్యమేనా?

బెజవాడ_లాబ్
ఏ ఆపరేషన్ అన్నది తరువాత. ముందు రక్తపరీక్ష చేయించారా? షెడ్డు నుంచి వచ్చిన కుక్క ఒంట్లో పిడుదుల జ్వరం ఉందనే అనుకోవాలి, లేదని తేలేదాకా. నేను మా లక్ష్మిని తెచ్చిన వారానికే గర్భసంచి తీయించడానికి తీసుకెళ్లాను. పరీక్ష సంగతి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. బల్ల మీద రక్తం ఆగలేదు. అప్పుడు చూస్తే ప్లేట్‌లెట్లు నలభై వేలు. ఏడేళ్లు బోనులో ఉన్న ప్రాణి నా ఇంట్లో పన్నెండు రోజులు బతికింది.

ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ వాడి, మళ్లీ పరీక్ష చేయించి, ఆ తరువాతే కత్తి పెట్టనివ్వండి. దయచేసి తొందరపడకండి.

నిక్కచ్చి_మాట
తొమ్మిది వేలు ఇచ్చారా? దాన్ని కాపాడటం అనరు, కొనడం అంటారు. మీ తొమ్మిది వేలతో అతను ఇంకొక ఆడకుక్కను తెచ్చి అదే బోనులో పెడతాడు. మీరు తీసుకొచ్చినవి మూడు, మీ డబ్బుతో లోపలికి వెళ్లేవి ఎన్నో లెక్క వేశారా?

నాచారం_ఇల్లు
ఆ గడ్డతో ఉన్న కుక్కను రాత్రికి బస్సు రోడ్డు మీద దింపేస్తానన్నాడు. నా ముందే అన్నాడు. నేను అప్పుడు లెక్కలు వేసే స్థితిలో లేను.

హస్కీ_అమ్మ
మా హస్కీకి రెండు నెలలని చెప్పి అమ్మారు. ఇంటికి వచ్చిన మూడో రోజు పార్వో, కుక్కపిల్లల ప్రాణం తీసే అంటువ్యాధి. డాక్టరు పళ్లు చూసి ముప్పై అయిదు రోజులు కూడా ఉండవన్నారు. అయిదు రోజులు సెలైన్, ముప్పై రెండు వేలు. బతికాడు. వేసవిలో ఏసీ బిల్లు వేరే. ఈ ఎండల్లో ఆ జాతిని పెంచడం పాపమని ఇప్పుడు నాకు తెలుసు, కానీ వాడిని ఎక్కడికి పంపను?

పార్వో వచ్చిన ఇంట్లో ఫినాయిల్ వేసి కడిగి శుభ్రమైందనుకోకండి. బ్లీచింగ్ నీళ్లు కావాలి. నేలలో ఆ క్రిమి నెలల తరబడి ఉంటుంది.

జంతుసేవ_పదహారేళ్లు
ఇక్కడ అందరూ కన్నీళ్లు రాస్తున్నారు, చట్టం ఒక్కరూ రాయడం లేదు. నేను పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. పంచనామా దగ్గర నిలబడినవాణ్ణి.

2017 కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు లేకుండా ఎవరూ పిల్లలు పెట్టించి అమ్మకూడదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను, ఎనిమిదేళ్లు దాటినదాన్ని ఈతకు పెట్టకూడదు. జీవితంలో అయిదు ఈతలు, ఏడాదికి ఒకటికి మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. హస్కీ అమ్మ గారూ, మీకు అమ్మినదే నేరం. రశీదు తీసుకున్నారా?

టీచరమ్మ గారు డబ్బు ఇవ్వకుండా ఫిర్యాదు చేసి ఉంటే కుక్కలు కేసు సొత్తుగా సంరక్షణాలయానికి వెళ్లేవి. వాటి పోషణ ఖర్చుకు మేజిస్ట్రేటు ఆ యజమాని చేతనే బాండు రాయించవచ్చు. దానికీ 2017లోనే నియమాలు వచ్చాయి. ఖర్చు మనం ఎందుకు భరించాలి? యజమాని దగ్గర వసూలు చేయాలి.

నిక్కచ్చి_మాట
నేను చెప్పినదీ ఇదే.

విశాఖ_తీరం
మీరు చెప్పినదీ ఇదే కాదు. పదహారేళ్లాయన కాగితం మీది మాట చెప్పారు, నేను కాగితం బయట జరిగినది చెబుతాను. మేము ఫిర్యాదు చేశాం. పదకొండు కుక్కలు వచ్చాయి. కోర్టు అనుమతి లేనిదే దత్తత ఇవ్వకూడదన్నారు. ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ తిండి ఎవరు పెట్టారనుకున్నారు? బాండు అన్న మాట ఎవరి నోటా రాలేదు. మేము నలుగురం వంతులు వేసుకుని అన్నం, కోడి మెడలు వండి మోశాం. రెండు కుక్కలు అక్కడే పోయాయి. నేరం రుజువైనా 1960 చట్టంలో మొదటిసారి జరిమానా యాభై రూపాయలకు మించదు. యాభై రూపాయలు! ఒక రేబిస్ టీకా కూడా రాదు.

ఆ గేటు ముందు నిలబడి, చేతిలో డబ్బు ఉండి, ఇవ్వకుండా వెనక్కి వచ్చినవారే ఈ టీచరు గారిని అనండి.

జంతుసేవ_పదహారేళ్లు
బాండు ఎవరూ అడగకపోతే అది మీ వకీలు తప్పు. అర్జీ పెట్టాలి. నేను పెట్టించాను కాబట్టే చెబుతున్నాను.

విశాఖ_తీరం
మాకు వకీలు లేడు. మా దగ్గర ఉన్నది ప్రెషర్ కుక్కరు.

డాలస్_తెలుగు
మేము ఇక్కడ కొందరం స్నేహితులం నెలకు కొంత పంపగలం. ఏదైనా సంస్థ ఖాతా చెబుతారా?

జంతుసేవ_పదహారేళ్లు
పంపే ముందు ఒకటి చూసుకోండి. మీలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద నమోదు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. భారత పాస్‌పోర్టే ఉన్నవారు తమ సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో కలిపి పంపకండి, చిక్కుల్లో పడతారు.

బెజవాడ_లాబ్
ఇక్కడివారికి కూడా ఒక మాట. విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ రశీదు చూపించి పన్ను తగ్గుతుందని అడిగితే చాలామంది ఇస్తారు, కానీ రెండు వేలు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి అసలే లేదు. నేను ఈ సంగతి తెలియక మాట ఇచ్చి, మా ఆఫీసులో తలదించుకున్నాను.

డబ్బు రావాలంటే నా అనుభవంలో పనిచేసినది ఒకటే. నాకు ఇవ్వమని అడగలేదు. ఆసుపత్రి బిల్లు ఫొటో గ్రూపులో పెట్టి, నేరుగా ఆసుపత్రికే కట్టమన్నాను. రెండో కుక్కకు క్యాన్సర్ గడ్డ ఉంటే ఆరుసార్లు విన్‌క్రిస్టిన్ అనే మందు ఇంజెక్షన్లు పడ్డాయి. జతకట్టేటప్పుడు మగకుక్క నుంచి అంటుకునే గడ్డ అది, షెడ్లలో ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. వారానికొకరు చొప్పున ఆరుగురు కట్టారు.

హస్కీ_అమ్మ
రశీదు లేదండీ. తెల్ల కాగితం మీద ఫోను నంబరు రాసిచ్చాడు. ఇప్పుడు అది పనిచేయడం లేదు. వంశం కాగితాలున్న పిల్ల అయితే ఇలా జరగదేమో.

విశాఖ_తీరం
కాగితాలు వంశం చెబుతాయి, బోను కొలత చెప్పవు. మేము తెచ్చిన పదకొండింటిలో నాలుగింటికి కాగితాలున్నాయి.

నాచారం_ఇల్లు
రక్తపరీక్ష చేయించాను. బెజవాడ వారూ, మీకు చేతులెత్తి దండం. పెద్దదానికి ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలే ఉన్నాయి. ఆపరేషన్ వాయిదా వేశారు, మందు మొదలుపెట్టాం. పగ్‌కు మిగిలిన పళ్లలో ఆరు తీయాలట, గురువారం. బిల్లు అంచనా ఫొటో కింద పెట్టాను, ఆసుపత్రి నంబరు దానిమీదే ఉంది.

ఫిర్యాదు కూడా రాస్తున్నాను. తొమ్మిది వేలు ఇచ్చిన సంగతి అందులో దాచడం లేదు.

మూత్రం గురించి ఎవరూ చెప్పలేదు, అయినా ఒక సంగతి చూశాను. చిన్నది పోసేటప్పుడు నేల మీద పోయదు, తలుపు దగ్గరి ఇనుప జాలీ మీదికెళ్లి పోస్తుంది. దానికి తెలిసిన నేల అదే. ఆ జాలీనే పెరట్లో పెట్టాను. నిన్నటి నుంచి అక్కడికి వెళుతోంది. ఆ గుండ్రం కూడా కాస్త పెద్దదైంది. వంటింటి గడప దాకా వచ్చి, నన్ను చూసి, వెనక్కి తిరిగింది.

మల్కాజిగిరి_మూల
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. గురువారం ఎన్ని గంటలకు? ఆటోలో మత్తు దిగని కుక్కను తేవద్దు. నాకు కారు ఉంది, దుప్పటి కూడా తెస్తాను.