గాలి పరుపుకి ప్యాచ్ నిలవట్లేదు, ఏ జిగురు వాడాలి?

డిసెంబర్ చివర్లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ మంచు ట్రెక్‌కి వెళ్తున్నాను. బ్యాగు 8 కిలోలు దాటకూడదని 480 గ్రాముల గాలి పరుపు పెట్టుకున్నాను. టీపీయూ (రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్) పూత ఉన్న నైలాన్ అది. రాత్రి 10కి గట్టిగా ఊదితే అర్ధరాత్రి దాటి 2 అయ్యేసరికల్లా వీపు నేలకి తగులుతోంది.

సబ్బు నీళ్లు రాసి చూస్తే అతుకుల దగ్గర కాదు, నడుము కింద సూదిమొనంత చిల్లు కనిపించింది. సైకిల్ పంక్చర్ ప్యాచ్ వేశాను, మర్నాటికి అంచులు లేచాయి. సూపర్ గ్లూ గట్టిపడి, పరుపు చుట్టగానే పెళుసుగా విరిగింది (చిల్లు కాస్త పెద్దదైంది కూడా, నా తొందరే). డక్ట్ టేప్ ఇంట్లో రెండు రాత్రులు ఆగింది గానీ, డీప్ ఫ్రిజ్‌లో గంట పెట్టి తీస్తే ఊడొచ్చింది. ఫోమ్ మ్యాట్ కొనుక్కోమనకండి, బ్యాగులో పట్టదు.

మంచులో కూడా ఊడకుండా, చుట్టినా పగలకుండా టీపీయూ నైలాన్‌కి అతుక్కునే జిగురు ఏది?