పాప పేరు ‘ఋత’: రుతా? రితా?

మిణుగురు: మా పాపకి నాలుగు నెలలు. పేరు ఋత. వేదంలో ఋతం అంటే సత్యం, లోకం నడిచే క్రమం. నేను రుత అంటాను, మా ఆడపడుచు రిత అంటుంది. టీకాకి వెళ్తే నర్సు కార్డు మీద ‘రీటా’ అని రాసేసింది. ఎవరికీ లేని పేరు, ఎవరికీ పలకడం రావట్లేదు. ఇంగ్లీషులో ఆర్ పక్కన యు పెట్టాలా, ఐ పెట్టాలా? పేరే మార్చేయమంటారా?

పాతమాట: మార్చకండి. తెలుగులో ఋకారం ‘రు’గానే పలుకుతుంది. ఋణాన్ని రుణం అనే రాసేస్తున్నాం, ఋతువు కూడా రుతువైంది. కన్నడ, మరాఠీ, ఒడియా వాళ్ళదీ ఇదే దారి. ‘రి’ అనేది హిందీ, బెంగాలీ పలుకుబడి. అమృత అనే పేరుకి మనవాళ్ళు యు రాస్తారు, హిందీవాళ్ళు ఐ రాస్తారు. తెలుగు పిల్లకి యు పెట్టండి.

కొత్తనాన్న: బళ్ళో ‘రోత’ అని ఏడిపిస్తారండీ. ఆలోచించుకోండి.

నీలిగోరింట: పాతమాట గారూ, ‘రు’ ఒక్కటే ఒప్పంటే ఒప్పుకోను. ఋ అసలు అచ్చు. వెనకాల ఉ గానీ ఇ గానీ లేకుండా పలికిన ధ్వని అది. ఇప్పుడు మనం చేసేవి రెండూ సర్దుబాట్లే. తెలుగువాళ్ళలోనే ఎంతమంది ‘క్రిష్ణ’ అనరు?

పాతమాట: మా ఇంట్లో అనం.

నీలిగోరింట: మీ ఇల్లే తెలుగా? నా పేరులో ‘జ్ఞ’ ఉంది. ఒకరు గ్న అంటారు, ఒకరు గ్య, మరాఠీ స్నేహితురాలు ద్న్య. ఒకసారి ఇంటర్వ్యూలో పిలిచింది నా పేరేనని తెలియక కుర్చీలోంచి లేవలేదు. రాలేదని రాసేసుకున్నారు. ఆ పిల్లకీ జన్మంతా ఈ టెన్షన్ ఎందుకు?

పాతమాట: పలకలేనివాళ్ళ కోసం పేర్లు మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేదేమిటి?

నీలిగోరింట: మోసేది మీరు కాదు కదా! పేరు పెట్టినవాళ్ళకి ఒక్కరోజు ముచ్చట.

పాతమాట: నేను మా అమ్మాయికి ముచ్చటపడే పెట్టాను. ఉద్యోగానికి వెళ్ళాక యు తీసేసి ఐ పెట్టుకుంది. ఫోన్లో మామూలుగా పిలిస్తే, “నాన్నా, ఇక్కడ అందరి ముందూ అలా పిలవకు” అంది. ఇరవై మూడేళ్ళు పలికిన పేరు అది.

కొత్తనాన్న: అయ్యో.

నీలిగోరింట: మాస్టారూ, ఆ సంగతి నాకు తెలియదు. కానీ ఆ అమ్మాయి పేరు ఆ అమ్మాయిదే అని ఇప్పటికీ అంటాను.

మిణుగురు: మీరిద్దరూ గొడవపడుతుంటే నాకొకటి తట్టింది. ఈ పేరు మా ఆడపడుచు పెట్టింది. నన్నెవరూ అడగలేదు. రుత అని నేను పట్టుబట్టేది అక్షరం కోసం కాదేమో. కనీసం పలకడమైనా నా ఇష్టప్రకారం ఉండాలని.

నీలిగోరింట: మీ మనసులో వేరే పేరుందా?

మిణుగురు: ఉంది. ఏడో నెల నుంచి పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ పేరుతోనే మాట్లాడేదాన్ని. ఇళ.

పాతమాట: మంచి పేరమ్మా. పురూరవుడి తల్లి పేరు. ఋగ్వేదంలో ళ తోనే ఉంది. ఎవరినీ ల రాయనివ్వకండి.