కుర్సురా మోడల్‌కి చిన్న ఇంగ్లిష్ వీల్ సొంతంగా చేసుకోవాలా, అక్కర్లేదా?

మద్దిలపాలెం మోడలర్:
విశాఖ బీచ్ రోడ్డులో ఉన్న కుర్సురా సబ్‌మెరైన్‌ని 1/100 సైజులో ఇత్తడి రేకుతో చేస్తున్నాను. అసలు సబ్‌మెరైన్ 91.3 మీటర్ల పొడవు, 7.5 మీటర్ల వెడల్పు. నాది 91 సెంటీమీటర్లు, 75 మి.మీ. వస్తుంది. రేకు మందం 0.2 మి.మీ. మధ్య భాగంతో బాధ లేదు, ముక్కు దగ్గర రేకు నిలువునా అడ్డంగా రెండు దిక్కులా వంగాలి. కారు బాడీ పనివాళ్లు రేకుని రెండు చక్రాల మధ్య నొక్కి సాగదీసే ఇంగ్లిష్ వీల్ ఉంటుంది కదా, దాన్ని ఐదో వంతుకి తగ్గించి ఆటోనగర్‌లో చేయిద్దామని ఆలోచన. పెద్దలు ఏమంటారు?

గాజువాక టర్నర్:
చేయించండి, కానీ ఐదో వంతు లెక్క వద్దు. పొడవు, వెడల్పు, మందం అన్నీ ఐదో వంతు చేస్తే ఫ్రేమ్ గట్టిదనం కూడా ఐదో వంతే మిగులుతుంది. స్క్రూ బిగించగానే నోరు తెరుస్తుంది. తగ్గించాల్సింది లోతు, అంటే చక్రాల నుంచి ఫ్రేమ్ వెనక గోడ దాకా ఉండే దూరం; ఇనుము కాదు. అదే పట్టీతో ఫ్రేమ్ చేయి సగం పొడవుంటే అదే బరువుకి వంగడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మీ పనికి 100 మి.మీ. లోతు చాలు, మందపాటి పలకలోంచి సీ ఆకారం కోయించండి.

చక్రాల సంగతి ఇంకా ముఖ్యం. చక్రంలో 0.05 మి.మీ. వంకర ఉంటే కారు రేకు మీద తెలియదు. మీ రేకుకి అది పావు వంతు మందం! అందుకే పైచక్రం లేత్ మీద చేయించొద్దు, 608 బేరింగ్ పెట్టేయండి. బయట 22, లోపల 8 మి.మీ., కంపెనీలో గ్రైండ్ చేసి వచ్చిందే. కింది చక్రానికి మాత్రం వంపు తిప్పించాలి.

పెందుర్తి పాత ఫిట్టర్:
ఏటండీ ఇది, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం! ఆ సబ్‌మెరైన్ ఒళ్లు ముప్పాతిక భాగం ఒక దిక్కే వంగుతుంది. దానికి రేకుని మధ్యలోంచి తిప్పి గొట్టంలా వంచే మూడు నున్నటి కడ్డీల రోలర్ చాలు. రోలర్‌లో రేకు రెండు అంచులూ చదునుగా మిగిలిపోతాయి, అంచేత కాస్త ఎక్కువ కోసుకుని తర్వాత కత్తిరించేయాలి. వదిలేశాక రేకు కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది, కావలసిన దానికంటే బిగుతుగా చుట్టండి.

ముక్కుకి ఇత్తడి మానేసి రాగి తీసుకోండి. మసక వెలుతురులో సన్నగా ఎర్రబడే దాకా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. చెక్క అచ్చు మీద పెట్టి పాలిష్ కడ్డీతో రుద్దడమే. పనిచేస్తుంటే మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ కాల్చాలి. టంకం పెట్టాక కాల్చలేం కాబట్టి రూపం ముందు, అతుకు తర్వాత. అచ్చుకి ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర బాగా తిరుగుతుంది.

గాజువాక టర్నర్:
తిరుగుతుంది బాబాయ్, కాదనను. కానీ అది మెత్తటి కర్ర, గట్టిగా ఒత్తితే సొట్ట పడి అదే సొట్ట రేకులోకి వస్తుంది. టేకు చెప్పండి. ఇంకో మాట, రుద్దిన రాగి మీద కడ్డీ గీతలన్నీ పెయింట్ కింద కనిపిస్తాయి. వీల్ మీద ఆ గోల లేదు.

పెందుర్తి పాత ఫిట్టర్:
చివర్లో తడిపి రుద్దే సన్నటి గరుకు కాగితంతో తీసేస్తే ఏ గీతలూ ఉండవు. వీల్ మీద చేయి తిరగడానికి నెలలు పడుతుంది, అది ఎవరూ చెప్పరు.

ఉక్కునగరం కుర్రోడు:
అన్నలూ, ముక్కు త్రీడీ ప్రింట్ చేసి అంటించేస్తే అయిపోదా?

మద్దిలపాలెం మోడలర్:
అయిపోతుంది తమ్ముడూ. అప్పుడది ప్రింట్ మోడల్, రేకు మోడల్ కాదు. అయితే ప్రింట్‌ని అచ్చుగా వాడి దాని మీద రాగి రుద్దొచ్చు, ఆ ఐడియా నాకు నచ్చింది. ముందు రోలర్ మొదలెడతా. మన ఊరి ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా కడ్డీలకి నూనె రాసి డబ్బాలో పెట్టాలి, అదొకటి. వీల్ తర్వాత చూద్దాం.

గాజువాక టర్నర్:
అలాగే కానివ్వండి. ముక్కు మీద ప్రైమర్ ఒక్క కోటు వేసి, పక్క నుంచి లైటు పడేలా ఫొటో పెట్టండి. గీత కనబడకపోతే వీల్ మాట మళ్లీ ఎత్తను. కనబడితే కింది చక్రం నేనే తిప్పి ఇస్తా, కూలి అక్కర్లేదు.