అప్‌డేట్: ఇమిగ్రేషన్ రిపోర్టుల వెనక డబ్బు ఎవరిదో దొరికింది

రెండు వారాల క్రితం అడిగా కదండీ, అమెరికాలో ఇమిగ్రేషన్ రిఫార్మ్ మీద రిపోర్టులు రాసే ఒక థింక్ ట్యాంక్‌కి (పాలసీ రీసెర్చ్ సంస్థ) ఏ ఫౌండేషన్లు డబ్బులిస్తున్నాయో ఎలా తెలుస్తుందని, మొత్తానికి చాలావరకు తేలింది, హెల్ప్ చేసినవాళ్లందరికీ థాంక్స్.

నేను ఆ థింక్ ట్యాంక్ ఫారం 990నే (నాన్‌ప్రాఫిట్లు ఏటా అమెరికా ట్యాక్స్ శాఖకి వేసే రిటర్న్) పట్టుకుని కూర్చున్నా, అదే తప్పు. అందులో డోనర్ల లిస్టు ఉండే షెడ్యూల్ బిలో వాళ్ల పేర్లు పబ్లిక్ కాపీలో చూపించక్కర్లేదట, రూలే అంత. "ఇచ్చేవాళ్ల వైపు నుంచి వెతుకు" అని ఒకరన్నారు చూడండి, పని చేసింది అదే. ప్రైవేట్ ఫౌండేషన్లు 990-పీఎఫ్ అనే వేరే రిటర్న్ వేస్తాయి, అందులో ఎవరికి, ఎంత, దేనికి ఇచ్చారో రాయాల్సిందే. ప్రోపబ్లికా అనే న్యూస్ సంస్థ నడిపే నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో థింక్ ట్యాంక్ పేరు కొట్టి ఫైలింగ్స్ లోపల ఫుల్ టెక్స్ట్ సెర్చ్ చేస్తే వరసగా వచ్చేశాయి, ఫ్రీనే. ఫోర్డ్ ఫౌండేషన్, కార్నెగీ కార్పొరేషన్ లాంటి పెద్దవాళ్లయితే సొంత సైట్‌లోనే గ్రాంట్ల లిస్టు పెడతారు, ఇది ముందే తెలిస్తే ఒక ఆదివారం మిగిలేది నాకు.

ఓపెన్‌సీక్రెట్స్ సైట్ దీనికి పనికిరాలేదు, అది ఎన్నికల విరాళాలు, లాబీయింగ్ లెక్క. ఒక పెద్ద గ్రాంట్ మాత్రం డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ (దాత ఒక సంస్థకి డబ్బిచ్చి, అది ఎవరికి వెళ్లాలో సలహా చెప్పే ఖాతా) ద్వారా వచ్చింది, అక్కడ ఫండ్ నడిపే సంస్థ పేరే కనిపిస్తుంది, అసలు మనిషి ఎవరో కనపడదు. అక్కడితో వదిలేశా.