ఏప్రిల్ దాటినా పాసుబుక్కులో వడ్డీ ఎక్కలేదు: పోస్టాఫీసు ఏడాది లెక్కల గురించి

ప్రశ్న (కావలి వైపు పల్లె)

మా అమ్మగారికి ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసులో పొదుపు ఖాతా ఉంది. దానితోపాటు 2016లో పొలం అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత పట్నంలోని పోస్టాఫీసులో నెలవారీ ఆదాయ పథకంలో వేశారు. 2021లో గడువు తీరింది కానీ, కరోనా రోజులు కావడంతో ఎవరమూ వెళ్లలేదు, ఆ తర్వాత ఆ సంగతే మరుగున పడింది. ఈమధ్య వెళ్లి అడిగితే ఆ ఖాతా స్తంభించిందన్నారు. ఇటు పొదుపు పాసుబుక్కులో మార్చి వడ్డీ కూడా కనిపించడం లేదు. అసలు పోస్టాఫీసులో ఏడాది లెక్కలు ఎప్పుడు, ఎలా తేలుస్తారు? అమ్మ సొమ్ముకు ముప్పేమైనా ఉందా?

సమాధానం 1 (ఒంగోలు, పదవీ విరమణ చేసిన సబ్ పోస్టుమాస్టరు)

సొమ్ము ఎక్కడికీ పోదు. అయితే మీరు అడిగినవి రెండు వేర్వేరు సంగతులు కనుక విడిగా చెబుతాను.

పొదుపు ఖాతాకు ఏడాదికి 4 శాతం వడ్డీ లెక్కగట్టి మార్చి 31 తేదీతో జమ చేస్తారు. ఈ పని కేంద్రీకృత కంప్యూటర్ వ్యవస్థలో జరుగుతుందే తప్ప, మీ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు చేతి మీదుగా జరగదు. ఆయన దగ్గరున్న చేతి యంత్రం జమలు, చెల్లింపులు నమోదు చేస్తుంది కానీ పాసుబుక్కు అచ్చు వేయదు. అందువల్ల వడ్డీ ఎక్కించడానికి పాసుబుక్కును ఆయన పై ఆఫీసుకు పంపించాలి. అప్పుడు ఎస్‌బీ-28 అనే రశీదు ఇస్తారు. పుస్తకం తిరిగి చేతికి వచ్చేదాకా దాన్ని భద్రంగా ఉంచుకోండి. జూన్‌లో ఎక్కించినా ఆ పద్దు పక్కన మార్చి 31 తేదీయే ఉంటుంది కనుక, ఆలస్యం వల్ల మీకు ఒక్క రూపాయి కూడా తగ్గదు.

వడ్డీ అనుకున్నదానికన్నా తక్కువగా కనిపిస్తే దానికి వేరే కారణం ఉంటుంది. ప్రతి నెలా 10వ తేదీ ముగిసినప్పటి నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న అత్యల్ప నిల్వ మీదనే వడ్డీ కడతారు. 20,000 రూపాయలు నెలంతా ఉంచి 26వ తేదీన 18,000 తీస్తే, ఆ నెలకు లెక్కలోకి వచ్చేది 2,000 మాత్రమే. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో పొగాకు అమ్మిన రైతులు సొమ్మును 12న తెచ్చి జమ చేసి, ఆ నెల వడ్డీ ఏదని అడగడం నా ఉద్యోగ కాలంలో మామూలే. మరొకటి, మార్చి 31 నాటికి నిల్వ 500 రూపాయలకన్నా తక్కువ ఉంటే 50 రూపాయల రుసుము కోసేస్తారు. అలా కోయగా నిల్వ సున్నాకు వస్తే ఖాతా దానంతటదే మూతపడుతుంది. మూడు పూర్తి ఆర్థిక సంవత్సరాలు జమ గానీ చెల్లింపు గానీ లేకపోతే ఖాతా నిద్రాణస్థితికి వెళుతుంది, కొత్తగా గుర్తింపు పత్రాలిచ్చి దరఖాస్తు చేస్తే తిరిగి నడుస్తుంది.

ఇక స్తంభన సంగతి. గడువు తీరి మూడేళ్లు దాటినా మూసివేయని నెలవారీ ఆదాయ పథకం, రికరింగ్ డిపాజిట్, జాతీయ పొదుపు పత్రాలు, కిసాన్ వికాస్ పత్రాలు, వృద్ధుల పొదుపు పథకం వంటి ఖాతాలను ఏటా రెండుసార్లు, అంటే జనవరి 1 నుంచి, జూలై 1 నుంచి పదిహేను రోజుల్లో గుర్తించి స్తంభింపజేయాలని 2025 జూలైలో తపాలా శాఖ ఉత్తర్వు ఇచ్చింది. ఎవరూ పట్టించుకోని సొమ్ము మీద ఇతరుల చేయి పడకూడదన్నదే దాని ఉద్దేశం. మీ అమ్మగారు పాసుబుక్కు, ఆధార్, పాన్, ఫోను నంబరు వివరాలతో పాటు ఖాతా మూసివేత ఫారం ఎస్‌బీ-7ఏ ఇవ్వాలి. సొమ్ము జమ కావడానికి పొదుపు ఖాతా లేదా బ్యాంకు ఖాతా వివరాలు కూడా జతపరచాలి.

సమాధానం 2 (సింగరాయకొండ)

పై వారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. వృద్ధుల పొదుపు పథకం వడ్డీ ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల 1వ తేదీన వస్తుంది. తీసుకోకుండా వదిలేసిన వడ్డీ మీద మళ్లీ వడ్డీ రాదు. ఆడపిల్లల సుకన్య ఖాతాలో ఏటా కనీసం 250 రూపాయలు మార్చి 31 లోపు పడాలి. ఏడాది సొమ్మంతా ఒకేసారి వేయగలిగినవారు ఏప్రిల్ 5 లోపు వేస్తే, ఆ నెల వడ్డీ కూడా కలిసివస్తుంది.

సమాధానం 3 (ఆత్మకూరు, నెల్లూరు జిల్లా)

స్తంభన ఉద్దేశం మంచిదే కావచ్చు కానీ, దాని భారమంతా చదువురాని ముసలివాళ్ల మీద పడుతోందని నా అభిప్రాయం. రోజూ ఆ వీధి వెంట పోయే తపాలా ఉద్యోగి చేతనే గడువు తీరిన వారికి ఒక కార్డు పంపించడం ఆ శాఖకు ఏమంత కష్టం? ఊరూరా మనిషి ఉండటమే కదా పోస్టాఫీసుకు బ్యాంకుకు లేని బలం.

ప్రశ్నించినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్క సందేహం. అమ్మ 2016లో సంతకం చేశారు. ఇప్పుడు చేయి వణుకుతున్నందున ఆ సంతకం కుదరడం లేదు. ఎలా?

సమాధానం 1 ఇచ్చినవారు

సొమ్ము ఇచ్చే ముందు సంతకాన్ని పాత రికార్డుతో సరిచూస్తారు కనుక, అమ్మగారిని వెంటబెట్టుకునే వెళ్లండి. సంతకం కుదరడం లేదని పోస్టుమాస్టరుకు ముందే చెప్పి, వేలిముద్ర వేయించవలసి వస్తే సాక్ష్యానికి ఆ ఆఫీసువారికి తెలిసిన మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్లండి. నెల మొదటి రోజుల్లో పింఛన్ల రద్దీ ఉంటుంది. ఆ రోజులు దాటాక, పొద్దున పూట వెళ్లడం మేలు.