జెంటామైసిన్ డిస్క్ చుట్టూ జోన్ మాత్రమే ఎందుకు తగ్గుతోంది?

మా కళాశాల ప్రయోగశాలలో డిస్క్ డిఫ్యూజన్ పద్ధతి (బ్యాక్టీరియా పూసిన ప్లేటుపై మందు ఉన్న కాగితపు బిళ్లను ఉంచి చూసే పరీక్ష) నాణ్యత పరీక్షకు వాడే ప్రామాణిక బ్యాక్టీరియా ఇ.కోలై ఏటీసీసీ 25922 మీద, 10 మైక్రోగ్రాముల జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్ చుట్టూ 19 నుంచి 26 మిల్లీమీటర్ల జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) రావలసి ఉండగా, మూడు వారాలుగా 15 లేదా 16 మాత్రమే వస్తోంది. అదే ప్లేటులో ఆంపిసిలిన్ 18, సిప్రోఫ్లోక్సాసిన్ 33 మిల్లీమీటర్లతో పరిమితుల్లోనే ఉన్నాయి కాబట్టి, బ్యాక్టీరియా మోతాదు ఎక్కువైందన్న అనుమానం నిలవడం లేదు.

కొత్త డిస్కుల సీసా తెరిచాను, నిల్వ ఉంచిన మూల కల్చర్ నుంచి మళ్లీ పెంచాను (బ్యాక్టీరియాయే నిరోధకత సంపాదించుకుందేమోనన్న భయం దానితో చాలావరకు తీరింది), బ్యాక్టీరియా ద్రవం మసకను 0.5 మెక్‌ఫార్లాండ్ ప్రమాణంతో పోల్చి చూశాను. బ్యాక్టీరియాను పెంచే మాధ్యమమైన ముల్లర్ హింటన్ అగార్ మందం 4 మిల్లీమీటర్లు, ఇంక్యుబేషన్ మామూలు గాలిలో 35 డిగ్రీల వద్ద 18 గంటలు. అయితే మాధ్యమం పీహెచ్‌ను ఆటోక్లేవ్‌కు (ఆవిరితో క్రిమిరహితం చేయడానికి) ముందు 7.3గా కొలిచానే గానీ, గట్టిపడిన అగార్‌లో కొలవలేదు. ఆమ్లత్వం పెరిగితే జెంటామైసిన్ బ్యాక్టీరియా కణంలోకి ప్రవేశించి, అది పనిచేసే చోటైన రైబోజోమ్‌ను (ప్రోటీన్లు తయారయ్యే చోటు) చేరడం తగ్గుతుందని, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైనా ఈ మందు ప్రభావం తగ్గవచ్చని, కాకపోతే ఆ రెండోది సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియాలోనే ప్రస్ఫుటంగా కనిపిస్తుందని చదివాను.

అగార్ ఉపరితలంపై పీహెచ్ కొలిచే ఎలక్ట్రోడ్ మా వద్ద లేదు. ఈ పరిస్థితిలో దోషం పీహెచ్‌దా, లవణాలదా అన్నది తేల్చుకోవడానికి నేను ముందుగా ఏ పరీక్ష చేయాలి?