తెల్ల చుక్కలు రాలిపోయి మళ్లీ వచ్చాయి: ఏంజెల్ చేపను ఎలా బతికించుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. మా 80 లీటర్ల అక్వేరియంలో రెండు ఏంజెల్ చేపలు, నాలుగు మోలీలు, అడుగున తిరిగే మూడు కోరీలు, కొన్ని నత్తలు, కొద్దిపాటి నీటి మొక్కలు ఉన్నాయి. ఇటీవల తెచ్చిన ఏంజెల్ చేప తోక మీద రవ్వ పలుకుల్లాంటి తెల్లని చుక్కలు కనిపించడంతో, మలకైట్ గ్రీన్ ఉన్న మందును సీసా మీద రాసిన మోతాదులోనే వేశాము. మూడో రోజుకు చుక్కలన్నీ రాలిపోయాయి, చేప హుషారుగా తిరిగింది, మందు ఆపేశాము. వారం తిరగకముందే చుక్కలు మునుపటికన్నా ఎక్కువగా వచ్చాయి. ఈసారి మోలీలకూ అంటుకున్నాయి.

ఇప్పుడు నా ఆందోళన పెద్ద ఏంజెల్ చేప గురించే. అది ఫిల్టరు నీరు పడే మూలన, నీటి పైభాగానికి దగ్గరగా, రెక్కలు ఒంటికి ముడుచుకుని నిలబడి ఉంటోంది. ఒక వైపు మొప్ప మూత దాదాపు కదలడం లేదు, రెండో వైపుది మాత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. మేత వేస్తే నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేస్తోంది. నీటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, పీహెచ్ 7.8, అమ్మోనియా పరీక్షలో నీరు లేత ఆకుపచ్చకు తిరిగింది, అంటే సున్నా కాదు. ఇది మందుకు లొంగని రోగమా? ఈ ఒక్క చేపను వేరే తొట్టిలోకి మార్చడం మంచిదా?

మొదటి సమాధానం

మందుకు లొంగలేదని అనుకోవడానికి మీరు చెప్పినదానిలో ఆధారమేమీ లేదు. చుక్కలు రాలిపోవడాన్ని రోగం తగ్గడంగా తీసుకోవడం వల్లనే చాలా తొట్టెల్లో ఈ కథ ఇలా మలుపు తిరుగుతుంది. ఈ చుక్కలకు కారణం ఇక్తియోఫ్థీరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. అక్వేరియం పెంచేవాళ్లు క్లుప్తంగా ‘ఇక్’ అంటారు. కంటికి కనిపించే ప్రతి చుక్కలోనూ చేప పైచర్మం కింద దూరి, అక్కడి కణాలను తింటూ పెరుగుతున్న ఒక జీవి ఉంటుంది. చర్మం కప్పు ఉన్నంతసేపు మందు దాని జోలికి పోలేదు. పెరగడం పూర్తయ్యాక అది తనంతట తానే చేపను వదిలి, అడుగున ఉన్న కంకర మీదో, ఆకు మీదో అంటుకుని, చుట్టూ ఒక పొర కట్టుకుని లోపల విభజన చెందుతుంది. ఆ పొరను కూడా మందు ఛేదించలేదు. ఒక్కొక్క పొరలోంచి వందల సంఖ్యలో పిల్ల జీవులు బయటపడి, ఒకటి రెండు రోజుల్లోగా చేపను పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది ఆ ఈదుతున్న కొద్దిపాటి కాలంలో మాత్రమే.

కాబట్టి మూడో రోజున చుక్కలు రాలింది మందు వల్ల కాదు, వాటి గడువు తీరి రాలాయి. మీరు మందు ఆపిన సమయానికి అవి కంకరలో పిల్లలు పెడుతున్నాయి. మీ తొట్టి ఉష్ణోగ్రతలో ఈ చక్రం సుమారు వారంలోపు పూర్తవుతుంది. చల్లని నీటిలో వారాల తరబడి సాగుతుంది. అందుకే చివరి చుక్క రాలిన తరువాత కూడా కనీసం ఒక వారం, సీసా మీద చెప్పిన విరామాల్లోనే మందు కొనసాగించాలి.

మందు వేసే ముందు ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే అది మందును పీల్చేసుకుంటుంది. యూవీ దీపం ఉంటే ఆపండి, తొట్టి లైటు కూడా తగ్గించండి, ఎందుకంటే మలకైట్ గ్రీన్ వెలుతురుకు విరిగిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. ఈ మందు మనుషులకు మంచిది కాదు, తినే చేపలకు దీన్ని వాడకూడదన్నది కూడా అందుకే. రాగి కలిసిన మందుల జోలికి మాత్రం పోకండి, మీ నత్తలు బతకవు.

ఒక్క చేపను వేరు చేయడం వల్ల లాభం లేదు. రోగం ఇప్పుడు చేపలో కన్నా తొట్టిలోనే ఎక్కువగా ఉంది, పైగా నీరసించిన చేపను వలతో పట్టడమే దానికి పెద్ద దెబ్బ.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తాను, అయితే మందుకన్నా ముందు చూడవలసింది ఆ మొప్పలను. ఒక మొప్ప మూసుకుని రెండో దానితో శ్వాసిస్తోందంటే పరాన్నజీవి మొప్పల్లోకి చేరిందని అనుమానించాలి. అక్కడ చుక్కలు మనకు కనిపించవు కనుక, ఒంటి మీద నాలుగే చుక్కలున్న చేప కూడా ఊపిరాడక చనిపోవచ్చు. ఈ రోజే ఒక ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) వేసి, నీటి పైభాగం బాగా కదిలేలా చూడండి. మందులో ఫార్మలిన్ కూడా కలిసి ఉంటే ఇది మరీ అవసరం, అది నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది.

ఇక అమ్మోనియా. పీహెచ్ 7 వద్ద, 25 డిగ్రీల నీటిలో, పరీక్షలో కనిపించే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం అర శాతం చుట్టుపక్కల ఉంటుంది. పీహెచ్ 8 వద్ద అది 5 శాతం దాటుతుంది. మీ నీరు 7.8 కనుక పరీక్షలో కొద్దిగా కనిపించినా ఆ మొప్పలకు అది భారమే. మందు వల్ల ఫిల్టరులోని మేలు చేసే బాక్టీరియా దెబ్బతిని ఉండవచ్చు, లేదా తినని మేత అడుగున కుళ్లుతూ ఉండవచ్చు. ఏదైనా చేయవలసింది ఒకటే: రోజూ నాలుగో వంతు నీటిని సైఫన్ పైపుతో కంకర లోతుల్లోంచి లాగి, క్లోరిన్ తొలగించిన, అదే ఉష్ణోగ్రత ఉన్న నీరు పోయండి. అడుగున అంటుకున్న పొరల్లో కొన్ని ఆ నీటితోనే బయటికి పోతాయి. తీసిన నీటి మేరకు మాత్రమే మందు తిరిగి కలపండి.

మేత గురించి కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప కొన్ని రోజులు తినకపోయినా తట్టుకుంటుంది, కానీ అది ఉమ్మేసిన మేత నీటిని పాడు చేస్తుంది. రోజుకొకసారి చిటికెడు వేసి, రెండు నిమిషాల్లో తినకపోతే తీసేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎయిర్ స్టోన్ వేశాక పెద్ద ఏంజెల్ ఆ మూల వదిలి మధ్యలోకి వచ్చి నిలబడుతోంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పెంచి ఉప్పు వేస్తే మందే అక్కరలేదని కొందరు చెబుతున్నారు. కోరీలు ఉన్న తొట్టిలో అలా చేయవచ్చా?

మూడవ సమాధానం

వేడి ఒక్కటే సరిపోతుందన్న మాటను నేను పూర్తిగా నమ్మను. దాదాపు 30 డిగ్రీల వద్ద ఈ పరాన్నజీవి పెరుగుదల చాలావరకు కుంటుపడుతుంది, నిజమే, కానీ వేడిని తట్టుకునే రకాలు కూడా ఉన్నాయి. పైగా 25 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 డిగ్రీల నీరు 7.5 మాత్రమే పట్టుకోగలదు. మొప్పలు సగం పనిచేస్తున్న చేపకు ఆ తేడా చిన్నది కాదు, కోరీలకు కూడా అంత వేడి హితవు కాదు. మీరు మందు వాడుతున్నారు కాబట్టి, రోజుకు ఒక డిగ్రీ చొప్పున 27 లేదా 28 వరకు తీసుకెళ్లి ఆపండి. చక్రం త్వరగా తిరిగితే, మందుకు దొరికే దశ కూడా త్వరగా వస్తుంది.

ఉప్పు విషయంలో మీ కోరీలను దృష్టిలో పెట్టుకుని లీటరుకు ఒక గ్రాముతో సరిపెట్టండి. ఏమీ కలపని కల్లుప్పును విడిగా ఒక పాత్రలో కరిగించి, రోజులో మూడు విడతలుగా పోయండి. కంకర, రాళ్లు ఆక్రమించిన చోటు తీసేస్తే మీ తొట్టిలో నీరు 80 లీటర్ల కన్నా తక్కువే ఉంటుంది, ఆ లెక్క మరవద్దు. నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, ఆవిరైన నీటిని నింపేటప్పుడు ఉప్పు కలపకండి. ఇంత తక్కువ ఉప్పు పరాన్నజీవిని చంపుతుందని ఆశించకూడదు. మంచినీటి చేప ఒంట్లోని ద్రవాలు బయటి నీటికన్నా ఉప్పగా ఉంటాయి. చర్మం మీద గాయాలున్నప్పుడు నీరు లోపలికి మరింత చొరబడుతుంది, దాన్ని బయటికి తోడడానికే చేప బలమంతా పోతుంది. కొద్దిపాటి ఉప్పు ఆ శ్రమను తగ్గిస్తుంది, నైట్రైట్ (అమ్మోనియా మారగా నీటిలో ఏర్పడే విషం) పెరిగితే దాని దెబ్బ నుంచి కూడా కొంత కాస్తుంది.

మరొకరి సందేహం

ఈ చర్చ చదివాక ఒక సందేహం వచ్చింది. మా గోల్డ్ ఫిష్‌కు మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే తెల్లని బొడిపెలు వరుసగా ఉన్నాయి. బాగా తింటోంది, రెండో చేపను అదే పనిగా తరుముతోంది. దీనికీ మందు వేయాలా?

మూడవ సమాధానం ఇచ్చినవారు

వద్దు. అవి జత కట్టే కాలంలో మగ గోల్డ్ ఫిష్‌కు వచ్చే బొడిపెలు, వాటంతట అవే పోతాయి. ఇక్ చుక్కలు ఒళ్లంతా, తోక మీద ఎక్కడపడితే అక్కడ వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో చోటు మారతాయి. అవి వచ్చిన చేప రాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది. మందు అనవసరంగా వేస్తే చేపకు, ఫిల్టరుకు రెంటికీ చెరుపే.

ప్రశ్న అడిగినవారికి ఇంకొక్క మాట. వేరే తొట్టి కూడా ఉంటే, ఈ తొట్టిలో వాడిన వలను, సైఫన్ పైపును తడిగా అందులో ముంచకండి. ఈ పరాన్నజీవి తడి లేకుండా ఎండిపోతే బతకదు, వాటిని పూర్తిగా ఆరనిచ్చి వాడితే చాలు.